పులుసులో పడ్డ జాబిలికి నీతి ఎక్కణ్ణుంచి తెచ్చేది?

సంపాదకులు గారికి,

నమస్కారమండీ. పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో లిమరిక్కులని, అంటే ఐదు పాదాల నవ్వు పద్యాలని, చెప్పి అరడజను వేశారు. కాఫీ తాగుతూ చదవడం మొదలుపెట్టాను. కాఫీ చల్లారిపోయింది గానీ ఒక్కచోట కూడా నవ్వు రాలేదు. రాసినవాళ్ళంతా పిల్లలు, వాళ్ళని నొప్పించడం ఎందుకని నేనే ఒక నమూనా కట్టి చూపిస్తున్నాను, అన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి:

మొక్కలు మనం నాటాలి
నీరు పొదుపుగా వాడాలి
చెత్త డబ్బాలో వెయ్యాలి
పెద్దల మాట వినాలి
మంచి పిల్లలం కావాలి

ఇది లిమరిక్కు కాదండీ. గోడల మీద రాసే నినాదాల్ని ఐదు తెచ్చి ఒకదాని కింద ఒకటి పేర్చారు. మొక్కలు నాటొద్దని నేననను. మా పెదవాల్తేరులో మా డాబా మీద పదిహేను కుండీలున్నాయి, పొద్దున్నే నీళ్ళు పోసేది నేనే. కానీ ఆ మాట చెప్పడానికి లిమరిక్కు దేనికి?

మామూలుగా అయితే పేపరు మడిచి పక్కన పడేసి ఊరుకునేవాణ్ణే. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం మా ఇంట్లో జరిగింది. మా మనవరాలు ఆరో తరగతి. బడిలో ‘ఐదు పాదాల హాస్య కవిత రాసుకు రండి’ అన్నారట. రాత్రి అన్నం తింటూ ‘తాతయ్యా, లిమరిక్కంటే ఏంటి’ అంది. నేను పోర్టులో టాలీ క్లర్కుగా ముప్ఫై ఏళ్ళకు పైగా బస్తాలు లెక్కపెట్టినవాణ్ణి, పద్యంలో మాత్రలు లెక్కపెట్టడం నాకేం కష్టం కాదు. కంచం అంచు మీద వేళ్ళతో కొట్టి నడక చూపించాను, ముందు ఒక ఊరి పేరు పెట్టుకోమన్నాను, అంతే. మిగతాది అదే రాసింది. చెయ్యి కడుక్కునేలోగా మొదటి రెండు పాదాలు, పడుకునేలోగా మిగతా మూడూ అయిపోయాయి:

అవ్వొకతున్నది అవతల భీమిలి
పులుసున పడ్డది నిన్నటి జాబిలి
    గరిటెతొ తీసీ
    తీగన వేసీ
ఆరేదాకా మూసెను వాకిలి

తాతని కాబట్టి పొగుడుతున్నాననుకోండి, ఫరవాలేదు. కానీ ఒక్కసారి గట్టిగా చదివి చూడండి. పులుసులో పడ్డ చంద్రుణ్ణి గరిటెతో తీసి బట్టలారేసే తీగ మీద వేసింది, సరే. తర్వాత తలుపు ఎందుకు మూసింది? దొంగలొస్తారనా, చుట్టుపక్కలవాళ్ళు చూస్తారనా, ఊరికే సిగ్గా? నేను అడిగితే ‘మరి తడిగా ఉన్నాడు కదా తాతయ్యా’ అంది, అదేదో నాకు తెలియనట్టు.

మూడోరోజు కాగితం ఎర్రసిరాతో తిరిగొచ్చింది. ‘గరిటెతొ’ చుట్టూ ఒక సున్నా, ‘తొ’ తప్పు ‘తో’ రాయవలెను అని. ‘తీసీ’, ‘వేసీ’ల మీద ఇంకో రెండు సున్నాలు. కింద ఒక వాక్యం: ‘భావము స్పష్టముగా లేదు. చివర నీతి జోడించవలెను.’ పదికి నాలుగు మార్కులు. ఆ బడి పేరు చెప్పను, ఆ టీచరుగారి మీద కోపమూ లేదు. ఆవిడకి కూడా ఎవరో అలాగే నేర్పి ఉంటారు. కానీ పిల్ల ఆ సాయంత్రం టెన్షన్ పడిపోయి ‘చంద్రుడు పులుసులో పడితే నీతేం ఉంటుంది తాతయ్యా’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచే ‘పులుసు మీద మూత పెట్టుకోవాలి, అదే నీతి, రాసెయ్యి’ అంది.

‘తొ’ సంగతి ముందు తేల్చేద్దాం. లఘువు (పొట్టి అక్షరం) అంటే ఒక మాత్ర, గురువు (పొడుగుది, లేదా ఒత్తక్షరం ముందుది) అంటే రెండు. అవ్వొక, తున్నది, అవతల, భీమిలి: నాలుగేసి మాత్రలవి నాలుగు ముక్కలు, పదహారు. రెండో పాదం, ఐదో పాదం అంతే. పొట్టి పాదాలు రెండూ ఎనిమిదేసి. ‘గరిటెతో’ అంటే ఐదవుతుంది, కాలు తడబడుతుంది. అందుకని పిల్ల చెవి ‘తొ’ చేసుకుంది, అదే చెవి ‘తీసి’ని ‘తీసీ’ చేసింది. మన జానపద పాటలన్నీ చేసే పనే అది. తప్పు కాదు, లెక్క.

మీ పేజీ చూసే ఉపసంపాదకులకు ఈ లెక్క అందితే బావుంటుందని కాస్త వివరంగా రాస్తున్నాను. లిమరిక్కుకి ఐదు పాదాలు. ఒకటి, రెండు, ఐదు పొడుగు, వాటికి ఒకే ప్రాస. మూడు, నాలుగు పొట్టి, వాటికి వేరే ప్రాస. ఇంగ్లీషులో దీన్ని అక్షరాల మీద పడే ఊనికతో కొలుస్తారు, పొడుగు పాదానికి మూడు దెబ్బలు, పొట్టిదానికి రెండు. మనకి ఆ ఊనిక లేదు, గురువు లఘువు ఉన్నాయి కాబట్టి మాత్రలతో కొలుచుకోవాలి. ఐదు పాదాలూ ఒకే పొడుగుంటే లిమరిక్కు చచ్చిపోతుంది. ఆ రెండు పొట్టి పాదాల దగ్గరే ఉంది కిటుకంతా, కాలవ దాటేముందు కుర్రాడు రెండు చిన్న అడుగులు గబగబా వేసి గెంతుతాడు చూడండి, అలాగ. మీరు వేసినవాటిలో ఎవరూ గెంతలేదు, అందరూ ప్రార్థనకి వరసలో నిలబడ్డట్టు నిలబడ్డారు.

రెండో రోగం ప్రాస. తెలుగులో అంత్యప్రాస కట్టడం కంటే సులువైన పని లేదు, అదే మన కొంప ముంచింది. క్రియ వాక్యం చివర ఉంటుంది, వెళ్ళాడు వచ్చాడు తిన్నాడు పడుకున్నాడు, రోజంతా ప్రాసలో మాట్లాడుకోవచ్చు, అది ప్రాస అని ఎవరూ గుర్తుకూడా పట్టరు. ఇంగ్లీషువాడికి అలా కుదరదు, వెతుక్కోవాలి, ఆ వెతుకులాటలోనే ఎక్కడెక్కడి వస్తువులో వచ్చి పద్యంలో పడతాయి. ఒక ఇంగ్లీషు లిమరిక్కులో ముసలాయన గడ్డంలో గుడ్లగూబలూ కోడిపెట్టా గూళ్ళు కట్టుకున్నాయంటే అలాగే వచ్చాయి. కాబట్టి నా మట్టుకు నేను ఒక నియమం పెట్టుకున్నాను: పొడుగు పాదాలకి క్రియల తోకలతో ప్రాస కట్టకూడదు, చివరి అక్షరంతోపాటు దాని ముందు అచ్చు కూడా కలిస్తే మరీ మంచిది. భీమిలి, జాబిలి, వాకిలి. ఆ జాబిలి భావం కోసం వచ్చింది కాదు. భీమిలికి ప్రాస కోసం వచ్చి పులుసులో పడింది.

విశాఖ ఊళ్ళ పేర్లు దీనికి పెట్టిందిపేరు. పెందుర్తి అన్నామంటే మూర్తి, కీర్తి, పూర్తి వచ్చి వాలతాయి. సీతమ్మధారకి చీర, బీర, నీరసం వస్తే సోడా కూడా. (సోడా ప్రాస కాదు, తెలుసు.) గాజువాకైతే వరం. ఆమధ్య గాజువాక నుంచి జగదాంబకి బస్సులో వస్తూ, ముందు సీటు కమ్మీ మీద వేలితో కొట్టుకుంటూ ఇది కట్టాను, పక్కనాయన నన్ను అదోలా చూసి లేచి వేరే సీట్లోకి వెళ్ళిపోయాడు:

ఉన్నదొక్క మేక, ఊరు గాజువాక,
గడ్డి ముట్టదంట కాఫి వచ్చెదాక,
    బస్సులోకి ఎక్కి
    సీటు కింద నక్కి
టిక్కెటడగబోతె ఊదుతుంది బాక.

ఇది మూడేసి మాత్రల నడక, తకిట తకిట అని. పొడుగుకి పద్దెనిమిది, పొట్టికి తొమ్మిది. ఇంగ్లీషు లిమరిక్కు ఊపుకి నాలుగు మాత్రల కంటే ఇదే దగ్గరగా ఉంటుందని నాకనిపిస్తుంది, మా మనవరాలు మాత్రం ఒప్పుకోదు, తన భీమిలి నడకే గొప్పదంటుంది.

ఈ పద్యాలకి ఇంత ప్రచారం తెచ్చిన ఎడ్వర్డ్ లియర్ వృత్తిరీత్యా చిత్రకారుడు. చిలకల బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నాడు. 1846లో విక్టోరియా రాణికి బొమ్మలు గియ్యడం నేర్పింది ఆయనే, ఆ ఏడాదే ఈ ఐదు పాదాల పద్యాల పుస్తకం మారుపేరుతో వేసిందీ ఆయనే. వీటిని లిమరిక్కులని ఆయన ఎప్పుడూ అనలేదు. లిమరిక్ ఐర్లండులో ఊరు, ఆ పేరు పద్యానికి అంటుకున్నది పందొమ్మిదో శతాబ్దం చివర్లో, అప్పటికి ఆయన పోయాడు. 1873లో మన దేశం కూడా వచ్చాడు, వైస్రాయి పిలిస్తే, ఏడాది పైగా బొమ్మలు వేసుకుంటూ తిరిగాడు. ఆ తిరుగుడులో చెవిన పడ్డ మన మాటల్ని తీసుకుని ఒక పద్యం రాశాడు చూడండి, అర్థాలు తెలియనట్టు నటిస్తూ, ఒకావిడ ధోబీ మీద కూర్చుని సాయంకాలపు చుక్కని చూస్తుందట, నడుముకి కట్టుకునే కమర్‌బంద్ వచ్చి ఆవిణ్ణి మింగేస్తుందట. ధోబీ అంటే బల్లో పీటో అనుకున్నట్టు! మాటకి అర్థం తీసేసి చప్పుడు మాత్రం ఉంచితే అది ఏదైనా అయిపోతుంది. ఇంగ్లండులో కూర్చుని చదివినవాళ్ళకి అది ఏదో భయంకరమైన మృగం, మనకి మాత్రం కడుపు పట్టుకునేంత నవ్వు.

అర్థం తీసేసినా వ్యాకరణం మాత్రం తియ్యకూడదు. అది ముఖ్యం. లూయిస్ కేరల్ అనే ఇంగ్లీషు రచయిత 1871లో సగం మాటలు సొంతంగా పుట్టించి ఒక పద్యం రాశాడు, అందులో క్రియ క్రియలా, విశేషణం విశేషణంలా బుద్ధిగా తమ తమ చోట్ల కూర్చుంటాయి. తెలుగులో చూడండి. ‘మా చెల్లాయి నిన్న పెళ్ళిలో తెగ జింకరించింది’ అన్నాననుకోండి. జింకరించడం అనే మాట లేదు, ఇప్పుడే పుట్టించాను. అయినా మీరు ‘అయ్యో, ఎవరూ జింకరించొద్దని చెప్పలేదా’ అని అడగగలరు. మా ఇంట్లో ఆ మాట రెండు రోజులు తిరిగింది. కూరలో ఉప్పు ఎక్కువైతే నేను జింకరించాను, నేను జింకరించానని మా ఆవిడ జింకరించింది.

మనకివి కొత్తా? కాదు. దాగుడుమూతలు దండాకోర్ అని అరిచినంతకాలం దండాకోర్ అంటే ఏమిటని మనలో ఎవరైనా అడిగామా? వీరీ వీరీ గుమ్మడిపండు, వీరీ పేరేమి అంటే గుమ్మడిపండుకీ పేరుకీ ఏం సంబంధం? కాళ్ళాగజ్జా కంకాళమ్మ, వేగుచుక్క వెలగమొగ్గ, మొగ్గా కాదు మోదుగనీడ... కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుని, ఒక్కో కాలు ముడుచుకుంటూ పాడేవాళ్ళం. ఆ మధ్య వాట్సాప్‌లో ఎవరో పంపారు, ఇది నిజానికి గజ్జికి మందు చెప్పే ఆయుర్వేద గేయమట, ఏ ఆకు రాయాలో వరసగా ఉందట. చదివి తల పట్టుకున్నాను. పిల్లల పాటకి అర్థం లేదంటే మనకి నామోషీ. ఏదో ఒక చీటీ అతికించి మందుల షాపుకి పంపితే గానీ మనసు ఒప్పదు. ఆ టీచరుగారి ‘నీతి జోడించవలెను’కీ దీనికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు.

పెద్దల సాహిత్యంలో కూడా, అవధానం తీసుకోండి. పండితులంతా గంభీరంగా కూర్చుంటారు, ఒకాయన వృత్తం అడుగుతాడు, ఒకాయన ఈ అక్షరం వాడొద్దని అడ్డుపడతాడు, మధ్యలో ఇంకొకాయన ‘అవధానిగారూ, మీ ఊళ్ళో వంకాయలు ఎంత’ అంటాడు. ఆయన పని అదే, అప్రస్తుత ప్రసంగం. అసంగతానికి అధికారికంగా ఒక కుర్చీ వేసి, చివర్లో శాలువా కూడా కప్పుతాం. దత్తపదిలో ఇడ్లీ, దోసె, వడ, పూరీ ఇచ్చి భారత యుద్ధం మీద పద్యం చెప్పమంటారు, చెబుతారు కూడా. సమస్య ఇచ్చేవాడైతే కావాలనే పొంతన లేని పాదం ఇస్తాడు, మిగతా మూడు పాదాలతో దాన్ని ఎలా ఒడ్డుకి చేరుస్తాడో చూద్దామని. ఇంత చేసిన భాషలో ఆరో తరగతి పిల్ల పులుసులో చంద్రుణ్ణి వేస్తే భావం స్పష్టంగా లేదా?

పైగా విశాఖపట్నంలో! శ్రీశ్రీ 1910లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఆయన పేరు చెప్పగానే పిడికిలి బిగించిన బొమ్మ ఒకటి వేసేస్తారు మీ పేపర్లవాళ్ళు కూడా. ఆ మనిషే లిమరిక్కులు రాశాడు, వాటికి ‘లిమఋక్కులు’ అని పేరు పెట్టాడు. ఐర్లండు ఊరి పేరులోకి వేదంలో ఋక్కుని దూర్చేశాడు, ఒక్క అక్షరం మార్చి. నాకు ఆ పేరు ఒక్కటే చాలు, పద్యాలు తర్వాత చదువుకోవచ్చు. ప్రాసక్రీడలని ఇంకో వరస, సిరిసిరిమువ్వా అని శతకం, మూడూ కలిపి ‘సిప్రాలి’. మా విశాఖ ఆరుద్ర కూనలమ్మ పదాలు కూడా ఆ పక్కవీధిలోవే, మూడు పాదాలు ప్రాసలో చకచకా నడిచి ‘ఓ కూనలమ్మ’ అని ఆగుతాయి. వాటిలో చురక ఉంటుంది, నిజమే, నీతి లాంటిది కూడా అప్పుడప్పుడు ఉంటుంది, కానీ ఆరుద్ర నీతి చెబితే అది కూడా నవ్వుతూనే ఉంటుంది. అలా చెప్పగలిగితే చెప్పండి, ఎవరు వద్దన్నారు.

మా పక్కవాటాలో ఒక బెంగాలీ ఆవిడ ఉంటారు. భర్త ఉద్యోగం మీద ఇరవై ఏళ్ళ కింద వచ్చి ఇక్కడే ఉండిపోయారు, తెలుగు మనకంటే బాగా తిడతారు. మనవరాలి పద్యం ఆవిడకి చదివి వినిపిస్తే మురిసిపోయి, కూర్చున్నచోటే సుకుమార్ రాయ్ పద్యాలు అప్పచెప్పారు, పుస్తకం లేకుండా, చెయ్యి ఊపుకుంటూ. సత్యజిత్ రాయ్ తండ్రి ఆయన. ఆ పద్యాల పుస్తకం 1923లో ఆయన పోయిన కొద్దిరోజులకే అచ్చయి వచ్చింది, చేత్తో పట్టుకుని చూసుకోలేదు. బాతూ ముళ్ళపందీ కలిసిపోయి ఒకే జంతువైన పద్యం అందులోదే. నూరేళ్ళు దాటినా బెంగాలీ ఇళ్ళల్లో పిల్లలకి అది వస్తుందట. ‘మీ పిల్లలకి ఏం వస్తుంది’ అని ఆవిడ మామూలుగానే అడిగారు. నేను మాట మార్చి టీ తాగుతారా అన్నాను.

సరే, ఇక నా మనవి. 1907లో ఇంగ్లండు పత్రికలు ఒక పోటీ పెట్టాయి. లిమరిక్కులో నాలుగు పాదాలు మేమిస్తాం, ఐదోది మీరు పంపండి, బాగుంటే బహుమతి అని. దాంతోపాటు ఆరు పెన్నీల పోస్టల్ ఆర్డరు పంపాలి. జనం ఎంత ఎగబడ్డారంటే ఆ పోస్టల్ ఆర్డర్ల అమ్మకం మామూలుకంటే ఎన్నో రెట్లు పెరిగిపోయింది. మన సమస్యాపూరణమే కదా ఇది, కాకపోతే తిరగేసిన సమస్యాపూరణం. మీరూ పెట్టండి. డబ్బులు వద్దు, బహుమతిగా అనకాపల్లి బెల్లం దిమ్మ ఇచ్చినా చాలు, లేదా పేరు అచ్చువేస్తే చాలు. వారానికో ఊరు, భీమిలి, పెందుర్తి, గోపాలపట్నం, చోడవరం. పిల్లలకి ఒక వరస, పెద్దలకి ఒక వరస పెట్టినా ఫరవాలేదు, పెద్దలవి ముందు వడకట్టండి, ఇంగ్లీషులో లిమరిక్కుకి బూతు పేరు కూడా బాగానే ఉంది, మనవాళ్ళు అందులో వెనకపడరు. ఇంకొక్క షరతు పైన లావు అక్షరాల్లో వెయ్యండి: నీతి ఉన్నవి పరిశీలించబడవు.

మనవరాలి పద్యం ఇందులో రాశాను గానీ అచ్చువేస్తే దాని పేరు వద్దు, ఎర్రసిరా టీచరుగారు చూస్తారని దాని భయం. ‘తొ’ని మాత్రం దిద్దకండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
పెదవాల్తేరు, విశాఖపట్నం

తా.క. పోటీకి మొదటి సమస్య నేనే పంపుతున్నాను. నాలుగు పాదాలు గంటలో అయ్యాయి, ఐదోదాని కోసం నాలుగు రోజులుగా డాబా మీద తిరుగుతున్నాను:

పెళ్లికి వెళితే కంచరపాలెం
ఎదురుగ వచ్చెను నడిచే గోలెం
    నీళ్ళిమ్మంటే
    పేరేమంటే

కళ్ళెం, పళ్ళెం, గొళ్ళెం ప్రయత్నించాను, చెవికి ఆనలేదు. మద్దిలపాలెం, అక్కయ్యపాలెం చెల్లవు, పాలెంకి పాలెం ప్రాస కట్టడం దొంగతనం.